సీజను పని, మస్టరు లెక్క

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానంలో కూలి పని ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. తొలకరికి విత్తిన పత్తి దీపావళి నాటికి పగలడం మొదలై, సంక్రాంతి దాటిన తరవాత కూడా తీతకు వస్తూనే ఉంటుంది. వానాకాలంలో నాటిన మిరప పుష్య మాఘాల్లో కోతకొస్తుంది. వేసవి నడిమి దాకా కోతలు, కల్లాల్లో ఆరబోతలు సాగుతాయి. బ్యారన్లలో క్యూరింగ్ అయిన పొగాకు ఎండలు ముదిరేసరికి కంపెనీల గ్రేడింగ్ షెడ్లకు చేరుతుంది. పత్తి వచ్చినన్నాళ్ళే జిన్నింగు మిల్లు తిరుగుతుంది. పనులు ముమ్మరంగా ఉన్న నెలల్లో రైతుకు మనుషులు దొరకరు, అవి అయిపోయిన నెలల్లో మనుషులకు పని దొరకదు.

కార్మిక చట్టం రోజులను లెక్కబెడుతుంది. మస్టరులో ఇన్ని రోజులు పేరు పడితే జీతంతో సెలవు, ఇన్ని పడితే ప్రసూతి భృతి, ఇన్ని పడితే జబ్బుపడిన రోజులకు భృతి. ఈ లెక్క వల్ల పని దినాలు తగ్గినప్పుడు కుటుంబానికి రెండు దెబ్బలు తగులుతాయి. ఆ రోజు కూలి ఎలాగూ పోతుంది. ఆ తగ్గిన రోజులే నిర్ణీత సంఖ్యకు అడ్డుపడితే ఆ తరవాతి నెలల్లో అందాల్సినవీ పోతాయి. ఈ మైదానంలో గడిచిన నూరేళ్ళ కార్మిక చరిత్రను ఈ సంఖ్యల వెంట నడుస్తూ చెప్పుకోవచ్చు.

చట్టాలు రాకముందు పల్లెలో కూలి కుటుంబానికి ఉన్న భరోసా పాలేరుతనం. ఏడాదికి కుదిరిన పాలేరుకు జీతం గింజల్లోనో డబ్బులోనో ముట్టేది. బట్టలు, చెప్పులు, పండగ మామూళ్ళు ఒప్పందంలో భాగం. పొలంలో పనిలేని నెలల్లోనూ ఇంట్లో పొయ్యి వెలిగేది. దానికి చెల్లించిన వెల మాత్రం ఘోరమైనది. పని గంటలకు హద్దు లేదు. పెళ్ళికో చావుకో తెచ్చుకున్న అప్పు కింద మనిషి ఏళ్ళ తరబడి తాకట్టులో ఉండేవాడు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గానీ రాలేదు. ఈలోగా పొగాకు, పత్తి, మిరప విస్తరించేకొద్దీ రైతుకు ఏడాది పొడుగునా ఒక పాలేరు కన్నా సీజనులో పదిమంది కూలీలు అవసరమయ్యారు. పాలేరు రోజుకూలీ అయ్యాడు. తాకట్టు తప్పింది. దానితోపాటే పనిలేని నెలల గింజలూ పోయాయి. ఆ గింజల బదులు ఏం ఇవ్వాలన్నదానికి ప్రభుత్వం వెతికిన జవాబులే తరవాత వచ్చిన సంక్షేమ చట్టాలు. ఆ జవాబులు ముందుగా వెతికింది పొలంలో కాదు, ఫ్యాక్టరీలో.

పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లు, దూదిని బేళ్ళు కట్టే ప్రెస్సు మన దేశపు తొలి ఫ్యాక్టరీల్లో ఉన్నాయి. వాటిలో పని గంటలకు హద్దు ఆలస్యంగా వచ్చింది. ఏడాదిలో నాలుగు నెలలకు మించి నడవని ఫ్యాక్టరీని 1911 దాకా చట్టం పట్టించుకోలేదు. 1922లో రోజుకు 11 గంటలు, వారానికి 60 గంటలు అన్న హద్దు పెట్టారు. 1934 ఫ్యాక్టరీల చట్టం ఒక గీత గీసింది. ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలో రోజుకు 10, వారానికి 54 గంటలు. సీజను ఫ్యాక్టరీలో పాత లెక్కే, 11, 60. పత్తి జిన్నింగు, ప్రెస్సింగు సీజను ఫ్యాక్టరీల జాబితాలో పేరుతో సహా చేరాయి. పత్తి వచ్చిన రోజుల్లోనే మర ఆడాలి గనక గంటలు ఎక్కువ కావాలన్నది యజమానుల వాదం. చట్టం దాన్ని ఒప్పుకుంది. సీజనులో ఎక్కువ గంటలు చేసిన మనిషికి సీజను అయ్యాక ఏమివ్వాలన్నది మాత్రం ఆ చట్టం అడగలేదు.

1946లో ఈ తేడా చాలా తగ్గింది. ఏడాది ఫ్యాక్టరీలకు వారానికి 48 గంటలు, సీజను ఫ్యాక్టరీలకు 50. 1948 ఫ్యాక్టరీల చట్టం ఈ విభజననే ఎత్తేసి అందరికీ 48 గంటల వారం ఇచ్చింది. గంటల విషయంలో జిన్నింగు కూలీ, నూలు మిల్లు కార్మికుడు సమానమయ్యారు. అదే ఏడాది వచ్చిన ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, అంటే జనం నోట ఈఎస్ఐ, సీజను ఫ్యాక్టరీలను మినహాయించింది. కేవలం పత్తి జిన్నింగు, పత్తి లేదా జనపనార ప్రెస్సింగు, వేరుశనగ కాయ వలవడం వంటి పనులు చేసే ఫ్యాక్టరీకి బీమా వర్తించదు. గంటల చట్టం చెరిపేసిన గీత వైద్యం దగ్గర అలాగే నిలిచిపోయింది. ఈ మైదానపు కూలీలకు జరిగిన అన్యాయాల్లో ఇది పెద్దది, ఎక్కువమంది దృష్టికి రానిది. జిన్నింగు షెడ్డులో దూది ధూళి పీల్చే మనిషికీ, పక్క ఊరి స్పిన్నింగ్ మిల్లులో అదే ధూళి పీల్చే మనిషికీ దగ్గు ఒకటే. ఈఎస్ఐ కార్డు రెండో మనిషికే ఉంటుంది.

ఆ కార్డు ఉన్నవాళ్ళకైనా హక్కు దానంతట అది రాదు. ఈఎస్ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా విడగొట్టింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి మరొకటి. ఒక్కో కాలం ముగిసిన మూడు నెలల తరవాత ఆరు నెలల ప్రయోజన కాలం మొదలవుతుంది. జబ్బు చేసి పనికి వెళ్ళలేని రోజులకు నగదు భృతి రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడాలి. అప్పుడు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. పనిలో ప్రమాదం జరిగితే ఈ రోజుల లెక్క అడ్డురాదు, పనిలో చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. జబ్బు భృతికి మాత్రం 78 తప్పదు.

ఆరు నెలలంటే 26 వారాలు. వారానికి మూడు రోజులు చొప్పున తప్పకుండా పనిచేస్తే సరిగ్గా 78 అవుతుంది. మిల్లు ఆరు రోజులు నడిచే కాలంలో ఇది చాలా తేలికైన హద్దు. మిల్లే మూడు, నాలుగు రోజులకు దిగితే కథ మారుతుంది. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కొరత ముదిరి పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించినప్పుడు అది వారానికి మూడు రోజుల దాకా వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ వారానికో రోజు పవర్ హాలిడే వచ్చింది. నిరంతరం నడిచే పరిశ్రమలు సగం కరెంటుతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చిలకలూరిపేట చుట్టూ ఉన్న స్పిన్నింగ్ మిల్లులకు కరెంటే ప్రాణం. వారానికి నాలుగు రోజులే నడిచే మిల్లులో ఆరు నెలలకు 104 పని దినాలు. అందులో వారానికొక రోజు బిడ్డ జ్వరానికో, సొంత చేలో మిరప కోతకో ఆగిపోయిన ఆడమనిషి 78 దగ్గర తేలుతుంది. ఇంకొక్క రోజు తగ్గితే ఆ కాలానికి సంబంధించిన జబ్బు భృతి మొత్తం పోతుంది. సెప్టెంబరులో పోయిన ఆ ఒక్క రోజు విలువ మరుసటి జనవరిలో జ్వరంతో మంచం పట్టినప్పుడు తెలుస్తుంది.

మిల్లు తానే పని ఆపినప్పుడు సగం వేతనం ఇవ్వాలన్న లేఆఫ్ పరిహారం 1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలో చేరింది. అది రిజిస్టరులో పేరుండి ఏడాది సర్వీసు నిండినవాళ్ళకే. ఇంకొకరి బదులు వచ్చే బద్లీ కార్మికుడికి, క్యాజువల్ కూలీకి రాదు. యాభై మందికి తక్కువున్న చోటా రాదు. సీజను సంస్థలకు అసలే వర్తించదు. ఒక సంస్థ సీజనుదా కాదా అన్న వివాదంలో ప్రభుత్వ నిర్ణయమే తుది మాట.

ఈ సీజను మినహాయింపు బరువు ఎక్కువగా మోసింది పొగాకు గ్రేడింగ్ ఆడకూలీలు. చీరాల, గుంటూరు, ఒంగోలు పట్టణాల బతుకు చాలాకాలం పొగాకు చుట్టూ తిరిగింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, అంటే జనం పిలిచే ఐఎల్‌టీడీ, ఈ ప్రాంతంలో వర్జీనియా పొగాకును విస్తరించింది. చీరాలలో దాని ఫ్యాక్టరీ ఊరికి గుర్తుగా మారింది. ఆకును రంగు, మచ్చ, పొడవు చూసి వేరుచేయడం, కాడ తీయడం, కట్టలు కట్టడం, అన్నీ ఆడవాళ్ళ చేతుల మీదే సాగేవి. సీజను కొన్ని నెలలే. మరుసటి ఏడాది మళ్ళీ పిలుపు వస్తుందన్న నమ్మకంతో అదే షెడ్డుకు పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఆ ఏళ్ళను చట్టం ఎలా కొలిచిందో చూస్తే మనసు చివుక్కుమంటుంది.

1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం. సీజను సంస్థలో పనిచేసి, ఏడాది పొడుగునా పని లేనివాళ్ళకు ఒక్కో సీజనుకు ఏడు రోజుల వేతనమే. అదీ సంస్థ నడిచిన రోజుల్లో కనీసం 75 శాతం హాజరైతేనే ఆ సీజను లెక్కకు వస్తుంది. మొదట్లో ముప్పై సీజన్లు నాలుగేసి నెలలు చేసిన మనిషి చివర్లో ఆకు తక్కువై రెండు నెలలే చేస్తే, హాజరు శాతం నిలబెట్టుకున్నా ఇంటికి వచ్చే కూలి సగమయ్యేది. పురుడో, ఇంట్లో చావో వచ్చి ఆ రెండు నెలల్లో మూడు వారాలు ఆగిపోతే సీజనే లెక్కలోంచి పోయేది. సీజను చిన్నదయ్యేకొద్దీ ఒక్కో గైర్హాజరు ధర పెరుగుతూ పోయింది.

సీజను చిన్నదవడానికి కారణాలు ఊహించనివి కావు. పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. 1980ల్లో వేలం కేంద్రాలు వచ్చి అమ్మకం తీరు మారింది. చేత్తో కాడ తీసే పనిని త్రెషింగు యంత్రాలు తీసుకున్నాయి. నిల్వలు పేరుకుపోయిన 2000-01లో ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు సాగుకే బోర్డు క్రాప్ హాలిడే ప్రకటించింది. ధర నిలబెట్టడానికి తీసుకున్న ఆ చర్య వెనక ఒక వాదన ఉంది. అయితే ఆకు రాని ఏడాది గ్రేడింగ్ షెడ్డులో మస్టరు తెరవరు. సీజను సంస్థ గనక లేఆఫ్ పరిహారమూ లేదు.

ఇన్ని లెక్కల మధ్య సీజను కూలీని మనిషిగా గుర్తించిన నిబంధన ఒకటి ఉంది. 1995 నవంబరు 16 నుంచి అమలైన ఉద్యోగుల పింఛను పథకం సీజను సంస్థలో ఒక ఏడాదిలో చేసిన సర్వీసు ఏడాది కన్నా తక్కువైనా దాన్ని పూర్తి ఏడాదిగానే లెక్కించమంది. పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి. పది సీజన్లు చేసిన గ్రేడింగ్ కూలీకి పదేళ్ళు నిండినట్టే. పింఛను మొత్తం వేతనాన్ని బట్టి ఉంటుంది గనక చేతికొచ్చేది కొద్దే. 2014 సెప్టెంబరులో కనీస పింఛను నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. ఆ డబ్బు మందులకైనా చాలదు. అయినా సీజనును ఏడాదిగా చూడొచ్చని, అందుకు చట్టంలో ఒక్క వాక్యం చాలని ఆ నిబంధన రుజువు చేసింది.

సంఖ్యలు తగ్గించడం సాధ్యమేనని చెప్పే ఉదాహరణలు ఇంకా ఉన్నాయి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం మొదట కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 160 రోజుల పని కావాలంది. 1988 సవరణ దాన్ని 80 రోజులకు తగ్గించింది. నాలుగు నెలల సీజను చేసే ఆడమనిషికి 160 అంటే అందని సంఖ్య, 80 అందేది. ప్రావిడెంటు ఫండులో చేరడానికి తొలినాళ్ళలో ఏడాది సర్వీసు అడిగేవారు. అది క్రమంగా తగ్గి, 1990 నవంబరు నుంచి పనిలో చేరిన రోజునే సభ్యత్వం వచ్చింది. ఒక్క సంఖ్య మారితే వేల కుటుంబాలు హక్కు లోపలికి వస్తాయి.

పొలం పనికి, యార్డు పనికి ఈ సంఖ్యలేవీ అందవు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసే హమాలీలకు వేసవి సెలవుల్లో యార్డు మూస్తే కూలి ఆగుతుంది. కోల్డ్ స్టోరేజీల వల్ల మిరప ఏడాదంతా బయటికి వస్తోంది. దాంతో తొడిమలు తీసే ఆడవాళ్ళకు పని నెలలు పెరిగాయి. కానీ కూలి కిలోల లెక్కన, మస్టరు లేకుండా సాగే పనికి రోజులు పెరిగినా ఏ హక్కూ జతకాదు.

చేలల్లో మార్పు ఇంకా లోతైనది. పత్తి, మిరప చేలల్లో కలుపు తీత ఆడకూలీలకు నెలల తరబడి దొరికే పని. కలుపు మందులు వచ్చాక అది కుంచించుకుపోయింది. ఒక్కో ఏడు పంటే పోతుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ చేలల్లో పత్తి తీసే కూలీల పని దినాలు ఎక్కడా నమోదు కానందున వాళ్ళ నష్టం ఏ లెక్కలోనూ చేరలేదు.

పని చూపించి కూలి ఇచ్చే సాయం ఈ నేలకు కొత్త కాదు. 1832-33 డొక్కల కరువు గుంటూరు జిల్లాను స్మశానం చేసింది. అర్ధ శతాబ్దం తరవాత వచ్చిన మద్రాసు కరువు నియమావళి కరువు పనుల్లో మట్టి కొలిచి కూలి ఇమ్మంది. ఆ పద్ధతి నీడ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మీద కూడా పడింది. ఈ రెండు జిల్లాల్లో పథకం రెండో విడతగా 2007లో మొదలైంది. అది ఇచ్చిన హామీ కుటుంబానికి ఏడాదికి 100 రోజులు. మనిషికి కాదు. ఇంట్లో ముగ్గురు పనికెళితే ఒక్కొక్కరికి 33 రోజులు వచ్చేవి. కూలి కొలతను బట్టి వచ్చేది గనక నేల గట్టిపడ్డ వేసవిలో అదే శ్రమకు తక్కువ కొలత తేలేది. ఆంధ్రప్రదేశ్ వేసవి నెలలకు అదనపు అలవెన్సు ఇచ్చింది. ఎండలో తక్కువ పని చేసినా పూర్తి కూలికి దగ్గరగా వచ్చేలా చేసిన ఏర్పాటు అది. పని తగ్గినా ఆదాయం తగ్గకుండా చూడడం ఎలాగో దానిలో ఒక నమూనా ఉంది. 2023 జనవరి 1 నుంచి పనిచోట ఫోన్లో రోజుకు రెండుసార్లు ఫొటోతో హాజరు తప్పనిసరి అయింది. పొద్దున్నే కొలత పూర్తిచేసినవాళ్ళు కూడా రెండో ఫొటో దాకా ఆగాల్సి వచ్చింది. లేదంటే చేసిన పని మస్టరుకు ఎక్కేది కాదు.

మిరప కోతలకు కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి ముఠాలుగా వచ్చే కుటుంబాలది వేరే ఇబ్బంది. వాళ్ళ ఉపాధి హామీ జాబ్ కార్డు సొంత ఊళ్ళో ఉంటుంది. గుంటూరు చేలో పని అయిపోయిన రోజున ఇక్కడ ఉపాధి పని అడగలేరు. రేషన్ బియ్యం ఎక్కడున్నా తీసుకునే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య 2019 ఆగస్టులో మొదలయ్యాక తిండిగింజల కష్టం కొంత తీరింది. 100 రోజుల హామీకి అలాంటి ఏర్పాటు చేయలేదు.

రోజుల లెక్కతో సంబంధం లేని సంక్షేమం 1983లో కిలో రెండు రూపాయల బియ్యంతో ఇక్కడి కూలి ఇళ్ళకు చేరింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలై, ఈఎస్ఐ తలుపు తీయని జిన్నింగు కూలీకీ పొలం కూలీకీ శస్త్రచికిత్స దాకా వైద్యం అందించింది. ఈ రెండింటి వల్ల నిలబడ్డ కుటుంబాలకు లెక్కలేదు. వీటిని చాలాకాలం నడిపింది తెల్లకార్డు. బియ్యం ఇచ్చే కార్డుకు ఆదాయ పరిమితి ఉంటుంది. 2019 తరవాతి నిబంధనల్లో అది గ్రామాల్లో నెలకు 10,000 రూపాయలు, పట్టణాల్లో 12,000. భార్యాభర్తలిద్దరూ మిల్లుకెళ్ళే ఇల్లు ఆ హద్దు దాటుతుంది. వాళ్ళ జీతం రికార్డులో ఉంటుంది గనక దాచడానికీ వీల్లేదు. మిల్లు రోజులు తగ్గించినప్పుడు జీతం ఆ నెలే పడిపోతుంది. కార్డు తిరిగి రావడానికి మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ విచారణ కావాలి. ఈలోగా 78 రోజులు నిండక ఈఎస్ఐ భృతి, కార్డు లేక బియ్యం, రెండూ లేని నెలలు వస్తాయి. ఆ నెలల్లోనే వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కుతారు.

2020లో పార్లమెంటు చేసిన కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. జీతంతో సెలవుకు ఫ్యాక్టరీల చట్టం అడిగిన 240 రోజులు కొత్త కోడ్‌లో 180కి తగ్గాయి. మంచి మార్పు. ప్రసూతి భృతికి 80 రోజుల షరతు అలాగే ఉంది. సామాజిక భద్రతా కోడ్ మొదటి షెడ్యూలులో ఈఎస్ఐ ఎవరికి వర్తిస్తుందో చెప్పే వరుసలో మాత్రం పది మంది పనిచేసే ప్రతి సంస్థ అని రాసి, సీజను ఫ్యాక్టరీలు తప్ప అన్నారు. సీజను ఫ్యాక్టరీ అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో పత్తి జిన్నింగు, పత్తి ప్రెస్సింగు 1934లో ఉన్నట్టే ఉన్నాయి.